చదివిన మనిషి

అపార్ట్‌మెంట్ సభకు మొదట అధ్యక్షులు శేషగిరిరావు గారు, తరువాత కార్యదర్శి వసుంధర గారు, చివరగా మూడో అంతస్తు మంగతాయారు గారు వచ్చారు. భార్య సుభద్ర పోయాక మళ్లీ కలం పట్టిన విశ్రాంత ఆంగ్లోపన్యాసకులు చయనులు గారు, ఆమె గురించి రాసిన వ్యాసం ప్రతులను ముగ్గురికీ అందించారు. ఒక్క మనిషైనా దానిని చదవాలని ఆయన ఆశ.

చదివిపెట్టే యంత్రం లేని ఇల్లు ఆ కాలంలో లేదు. మొదటి ఇద్దరూ కాగితాన్ని తమ యంత్రాలకు చూపించారు. "అద్భుతం, కంటతడి పెట్టించారు" అని అవి ఆ క్షణమే ప్రశంసించాయి. చయనులు గారు మర్యాదగా తల వంచి, తన నిశ్శబ్దపు గదిలోకి వెళ్లి కూర్చున్నారు.

మంగతాయారు గారు మాత్రం కాగితం మడిచి పట్టుకెళ్లారు. వారం తరువాత పసుపు మరకలతో తిరిగి తెచ్చారు.

"ఏంటండీ మాస్టారూ, ఇంత అబద్ధం రాశారు? సుభద్రక్కయ్య వంకాయ కూరలో అల్లం ఎప్పుడేసిందీ? ఆ వాసనే పడదుగా ఆవిడకి! కూడబలుక్కుని చదివేసరికి నా కళ్లు లాగేశాయి, తెలుసా?"

చయనులు గారు ఆ కాగితం అందుకుని కలం తీశారు. అల్లం అన్న మాట కొట్టివేసి, వ్యాసం కింద నిటారైన అక్షరాలతో ఇలా రాశారు:

"శ్రీమతి మంగతాయారు గారు ఈ వ్యాసమును స్వయముగా, ఆసాంతము చదివినారు. ఇందుకు రచయిత సవినయముగా కృతజ్ఞుడు."