చిప్పు యాడ పోతాది

"నాగార్జునా, చిప్పు యాడ పోతాదిరా?" కొడుకు తెచ్చిన కొత్త ఫోన్‌ను తిప్పి తిప్పి చూస్తా అడిగింది అంజనమ్మ. మెమరీ కార్డును ఆమె చిప్పు అంటుంది.

నాగార్జునకు చిప్పు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున కడపలో అమ్మ పాత ఫోన్ అంగట్లో ఇచ్చి దీన్ని తీసుకునేటప్పుడు సిమ్ము తీసుకున్నాడు గానీ, చిప్పు ఉండాదో లేదో చూడనే లేదు.

"అది చెడిపోయిందంటమా. అంగట్లో ఆయప్ప పారేసినాడు."

అంజనమ్మ కొడుకు మొగం వైపు కాసేపు చూసి, కొంగుముడి విప్పింది. ముడిలో గోరంత నల్ల చిప్పు.

"నువ్వు తీసుకపోకముందే తీసి పెట్టుకుంటి. మీ నాయన బతికుండగా నేసిన చీరలన్నీ సావుకారికే పాయె. వాటి ఫోటోలన్నా దీంట్లో ఉండాయి గదా. ఈ ఫోన్‌లో ఇది యాడ పోతాదని అడిగితినప్పా."

నాగార్జున తల వాలిపోయింది. "దీనికి చిప్పు పట్టదన్నా" అని అంగడాయప్ప చెప్తే, "మా అమ్మకు చిప్పెందుకులే" అన్నది తనే. "ఈ ఫోన్‌కు చిప్పు పట్టదుమా" అన్నాడు.

అంజనమ్మ చిప్పును మళ్లీ కొంగున ముడేసుకుంది.

"పోనీలేప్పా. చెడిపోయిందంటివి గదా, అట్లే అనుకుంటాలే."