పెట్టె మీద టెంకాయ

శశికుమార్ దోసె తిని, మూతి తుడుచుకుంటూ హోటల్ బయటికి వచ్చేసరికి బెంచీ మీద పెట్టె లేదు.

అది మామూలు పెట్టె కాదు. భూమిలో నీళ్లెక్కడున్నాయో చూసే మిషను. నేలలో నాలుగు కడ్డీలు దిగేసి తీగలు తగిలిస్తే తెర మీద అంకెలు పడతాయి. ఆ అంకెలు చదువుతాడనే శశికుమార్‌ను నాలుగు మండలాల్లో 'సార్' అంటారు. అది లేకపోతే అతన్ని పలకరించే దిక్కుండదు. ఆ సంగతి అందరికన్నా అతనికే బాగా తెలుసు.

"నా మిషిను ఏదిరా?" కుందుర్పి బస్టాండంతా వినపడేలా అరిచాడు.

రోడ్డు వైపు నుంచి ఒక ముసలాయన రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. మాసిన పంచె, తలకు తువ్వాలు, భుజాన గుడ్డసంచి.

శశికుమార్ గుర్తుపట్టాడు. ఇందాక బస్సు దిగగానే "ఏమప్పా, నీళ్లు చూసే మిషిను ఇదేనా?" అంటూ పెట్టె మీద చెయ్యి వేయబోయినవాడు. "దూరం జరుగు. సంతలో గొర్రె అనుకుంటివా, నిమిరి చూసేదానికి?" అని కసిరేసి, పెట్టెను బెంచీ మీద పెట్టి తను హోటల్లోకి పోయాడు.

"ఇద్దరు మొగోళ్లు బండి మీద ఎత్తుకోని పోయినారు నాయనా. కళ్యాణదుర్గం దారి పట్టినారు. ఎనకాల పరిగెత్తినా గానీ అందల్యా."

"వాళ్లకు అందించింది నువ్వే. ఇప్పుడు ఆయాసపడతాండావా? సంచి ఇట్లియ్యి."

"సంచిలో ఏముంటాది నాయనా, నేను..."

శశికుమార్ సంచి లాక్కుని బెంచీ మీద గుమ్మరించాడు. పసుపు, కుంకుమ, కర్పూరం, ఊదుబత్తీలు. చివరికి ఒక టెంకాయ దొర్లింది.

టెంకాయను చూడగానే శశికుమార్‌కు అంతా అర్థమైపోయింది. తెలివైనవాడు కదా!

ఈ ప్రాంతంలో టెంకాయను అరచేతిలో పడుకోబెట్టుకుని చేనంతా తిరిగేవాళ్లున్నారు. అది లేచి నిలబడిన చోట నీళ్లున్నట్టు లెక్క. వాళ్లను నమ్మి వేసిన బోర్లలో దుమ్ము తప్ప ఏమీ రాక, రైతులు ఇప్పుడు మిషను కోసం ఫోన్లు చేస్తున్నారు. ఈ రోజు పిలిచిన ఎర్రప్పదీ అదే కథ. ఆయన్ని శశికుమార్ ఇంకా చూడలేదు. కూతురు చౌడేశ్వరే నెల రోజులుగా ఫోన్లో బతిమాలుతోంది. "టెంకాయ చూపించిన తావున మూడు బోర్లు ఏసి మునిగిపోయినాం సార్. ఇదే ఆఖరుది. మా నాయన మీ మిషిను తప్ప ఇంగ దేన్నీ నమ్మడు."

"చూసినావా తిప్పేషూ!" శశికుమార్ హోటల్ ఓనరుకు టెంకాయ చూపించాడు. "గిరాకీ పోయిందని వీనికి కడుపుమంట. అందుకే నా మిషిను మాయం చేయించినాడు."

"అది గాదు నాయనా. నేనెవరంటే..."

"నువ్వెవరో నీ సంచే చెప్తాంది. నోరు ముయ్యి!"

జేబులో ఫోను మోగింది. చౌడేశ్వరి. కట్ చేశాడు. మళ్లీ మోగింది.

"ఈ చెనక్కాయ రైతులకు గంటసేపు ఆగే ఓపిక ల్యా" అని మళ్లీ కట్ చేసి, ఆ విసురులోనే ముసలాయన చెంప మీద ఒకటి కొట్టాడు.

బస్టాండంతా చూసింది. సిగ్గుపడాల్సినవాడు మాత్రం పడలేదు.

ముసలాయన ఇక తానెవరో చెప్పే ప్రయత్నం చేయలేదు. కింద పడిన తువ్వాలు తీసి దులుపుకున్నాడు. బెంచీ మీదవన్నీ ఏరి సంచిలో వేసుకున్నాడు. కళ్యాణదుర్గం దారి పట్టి నడిచిపోయాడు.

వెంటపడబోయిన శశికుమార్‌ను తిప్పేష్ ఆపాడు. "పెద్దాయన్ని కొట్టింది చాల్లే సార్, ఇడిసిపెట్టండి. ఈయప్పది మా ఊరు గాదు, ఎవురో ఏమో. పోయి పోలీసులకు చెప్పుకోండి."

స్టేషన్లో శశికుమార్ కాగితం రాసిచ్చాడు. 'టెంకాయ ముసలోడు' అన్న మాట కింద రెండు గీతలు కూడా గీశాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి బెంచీ మీద పెట్టె ఉంది. పెట్టె మీద టెంకాయ ఉంది.

"ఆ పెద్దాయనే నెత్తిన పెట్టుకోని తెచ్చినాడు సార్" అన్నాడు తిప్పేష్. "దొంగనాకొడుకులు వంకకాడ తెరిచి చూసి, కడ్డీలూ తీగలూ దేనికని కంపల్లోకి ఇసిరేసి పోయినారంట. ఆయప్ప కాళ్లనిండా ముండ్లే. టీ తాగమంటే తాగల్యా. పోయి గంట దాటింది."

"ఏమన్నా చెప్పినాడా?"

"మిషిను పనిచేస్తాందో లేదో చూసుకోమన్నాడు."

శశికుమార్ పెట్టె తెరిచి మీట నొక్కాడు. తెర వెలిగింది. పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ప్రాణంతోపాటు పొగరూ వచ్చింది.

"దాచిపెట్టినోనికే గదా యాడుండేదీ తెలిసేది! పోలీసులంటే భయపడి తెచ్చినాడు. పైగా టెంకాయ లంచమొకటి!" అని నవ్వాడు. తిప్పేష్ నవ్వలేదు.

పొద్దు ఇంకా ఉంది. శశికుమార్ చౌడేశ్వరికి ఫోన్ చేసి, వరమిచ్చే దేవుడిలా "ఆటో పంపీమ్మా, వస్తాండా" అన్నాడు.



"వద్దు సార్. మీ మిషిను మాకు వద్దంటాండాడు మా నాయన. ఎందుకని ఎంత అడిగినా నోరు తెరవడు. చెంప చూస్తే వాచిండాది."

శశికుమార్ చేతిలో టెంకాయ ఉంది.

"పొద్దున చెప్దామని రెండుతూర్లు ఫోన్ చేస్తే మీరు కట్ చేస్తిరి" అంది చౌడేశ్వరి. "బోరు పూజకు టెంకాయ పట్టుకోని, మిమ్మల్ని పిల్చుకోని వచ్చేదానికి తెల్లారేసరికే బస్టాండులో వచ్చి కూచోనుండె మా నాయన, మీకు కనపడల్యా సార్?"