అటక కొలత

"ఇంకాస్త పైకి," అంది కోడలు, స్టూలెక్కి టేపు చివర గోడకు నొక్కిపట్టి.

"ఇంతకంటే పైనా? సామాను దించాలంటే రోజూ నిచ్చెనెక్కాలమ్మా," అన్నాడు వడ్రంగి.

"సామానుకి కాదు. మాకు."

మంచంలోంచి అత్తగారు నవ్వింది. "గోడ మీద ఆ వరద మరకలు చూడు నాయనా! నేను కాపరానికొచ్చిన ఏడు మోకాలిదాకా. మావాడు పుట్టిన ఏడు నడుందాకా. పోయినేడు తలుపు పైదాకా. మా మనవరాలికంటే ఈ ఊళ్లో నీళ్లే తొందరగా ఎదుగుతున్నాయి."

వడ్రంగికి నవ్వు రాలేదు. పోయినేడు అతని ఇల్లూ మునిగింది.

"పొడవెంత పెట్టమంటారు?"

"నలుగురం పడుకునేంత," అంది కోడలు, టేపుని గోడ వెంట అడ్డంగా లాగి.

"ముగ్గురికి చాల్లే," అంది అత్తగారు. "కాళ్లు పడిపోయినదాన్ని. నన్ను పైకెక్కించేలోపు పిల్ల మునిగిపోతుంది."

'అవేం మాటలత్తయ్యా' అని కోడలు కసురుకుంటుందని, వడ్రంగి పెన్సిలు పట్టుకుని ఆగాడు.

కోడలు మంచం వైపు చూడకుండానే, టేపు చివర ఒక మనిషి పట్టేంత లోపలికి జరిపింది.

వడ్రంగి అక్కడే గీత గీశాడు.