రెండో అల

"చెయ్యి తీసెయ్యండి డాక్టరమ్మా!"

ఆకుపచ్చ గుడ్డ కింద నుంచి వచ్చిన ఆ మాటకు డాక్టరు చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది. ఆమె చేతిలోని సన్నటి పరికరం కొస ముసలాయన కంట్లో ఉంది.

"తాతగారూ, మాట్లాడొద్దని ఎన్నిసార్లు చెప్పాను? మీరు దవడ కదిపితే కన్ను కదుల్తుంది."

"నేను కదిలితే వెంట్రుకవాసి. పడవ కదిలితే మూరెడు. తీసెయ్యండి, పెద్ద ఓడ వస్తోంది."

డాక్టరు చెవులు రిక్కించింది. మిషను రొద తప్ప ఏమీ వినపడలేదు. ఆ పడవే వాళ్ళ ఆసుపత్రి. నది సముద్రంలో కలిసే చోట, రోజుకో రేవులో ఆగి శుక్లాలు తీస్తారు. ఈ మలుపు దగ్గరికి రావడం ఇదే మొదటిసారి. పొద్దున్నుంచి పళ్ళెంలో మందునీళ్ళు కూడా తొణకలేదు.

"సరంగూ, ఓడేమైనా వస్తోందా?" సూక్ష్మదర్శిని మీంచి తలెత్తకుండానే కేకేసింది.

"కనుచూపుమేరలో ఏం లేదమ్మా," పడవ నడిపే సరంగు తలుపు అవతల నుంచి జవాబిచ్చాడు. "మలుపు అవతల ఏముందో తెలీదు గానీ, ఇక్కడైతే నీళ్ళు ఇంకా తగ్గుతున్నాయి. మీ పని మీరు కానివ్వండి."

"తగ్గుతున్నాయా? అయితే వచ్చేసినట్టే!" ముసలాయన గొంతు పెరిగింది. "పెద్ద ఓడ ముందు ఒడ్డున నీళ్ళు లాగేసుకుంటుంది, తరవాతే వదుల్తుంది. తాళ్ళు బిగుసుకుంటున్నాయి, వినపడ్డం లేదూ?"

వినపడింది. పడవను ఒడ్డుకు కట్టిన తాళ్ళు కిర్రుమని సాగుతున్నాయి. డాక్టరు ఊపిరి బిగబట్టి, దారం లాగినంత నెమ్మదిగా పరికరాన్ని కంట్లోంచి బయటికి తీసింది. నర్సు ముసలాయన తలను రెండు చేతులా పట్టుకుంది.

మరుక్షణం కిటికీలో ఆకాశం మాయమైంది. దాని బదులు ఎర్రటి ఇనుప గోడ ఒకటి పోతూనే ఉంది, ఎంతకీ తరగలేదు. పడవ ఓడ వైపు ఒరిగి, అంతలోనే ఎవరో కింద నుంచి తన్నినట్టు పైకి లేచింది. అల్మరాలో సీసాలు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. పళ్ళెంలోని కత్తెర ఎగిరి గోడకు తగిలింది.

డాక్టరు తన చేతి వంక చూసుకుంది. పరికరం ఇంకా అందులోనే ఉంది.

పడవ కుదుటపడింది. నర్సు కిటికీలోంచి తొంగి చూసింది. "ఓడ పోయింది మేడమ్. నీళ్ళు అద్దంలా ఉన్నాయి."

"హమ్మయ్య! వేరే గ్లవ్స్ ఇవ్వు, ఆ మూలనున్న కొత్త పళ్ళెం విప్పు. లెన్సు పెట్టేద్దాం." పాత పొర తీసేసిన కన్ను అలా తెరిచి ఉంచి కాలక్షేపం చెయ్యడానికి లేదు.

"ఆగండి," అన్నాడు ముసలాయన. "ఇప్పుడొచ్చింది పిల్ల అల. తల్లి అల వెనకాల వస్తోంది."

"నీళ్ళలో చలనమే లేదు తాతా," అంది నర్సు.

"ఉండదమ్మా. ఇరవై లెక్కపెట్టు."

డాక్టరు లెన్సు అందుకోబోయిన చేతిని గాల్లోనే ఆపింది. చదివిన పుస్తకాల్లో ఎక్కడా ఇలాంటిది రాయలేదు. బల్ల మీద పడుకున్న పేషెంటు మాట విని ఆపరేషను ఆపడమా? ఆగితే ఒక భయం, ఆగకపోతే ఇంకో భయం.

"లెక్కపెట్టు," అంది చివరికి.

నర్సు పదిహేడు అంటుండగా తగిలింది. ముందుదానికి రెండింతలు. దీపం అటూ ఇటూ ఊగింది, స్టూలు దొర్లుకుంటూ వెళ్ళి తలుపుకు కొట్టుకుంది, బయట సరంగు ఎవరి తాతముత్తాతలనో పేరుపేరునా తిట్టాడు. నర్సు, డాక్టరు చెరోవైపు నుంచి బల్లను వాటేసుకున్నారు. వాళ్ళ మధ్య ముసలాయన రాయిలా పడుకుని ఉన్నాడు.

"ఇప్పుడు మొదలెట్టండి," అన్నాడు. "అవతలి ఒడ్డుకు కొట్టుకుని తిరిగొచ్చేది ఇంకోటుంది. నాలుగు నిమిషాలు పడుతుంది. సరిపోతుందా?"

"మూడు చాలు. మీరు నోరు మూసుకుంటే."

"మూశాను."

మళ్ళీ చేతులు కడుక్కోవడం, గ్లవ్స్ మార్చుకోవడం, దీపం సరిచెయ్యడం నిమిషంలో అయిపోయాయి. నర్సు గడియారం చూసి మెల్లగా చెబుతోంది. ఒకటిన్నర. రెండు. మడతపెట్టిన లెన్సు లోపలికి వెళ్ళి, తనంతట తానే విప్పుకుని చోట్లో కుదురుకుంది. మూడు నిమిషాల పది సెకన్లకు కంటి మీద కట్టు పడింది.

తిరిగొచ్చిన అల పడవను ఉయ్యాలలా ఒక్క ఊపు ఊపి వెళ్ళిపోయింది. ముందు నర్సు నవ్వింది. తరవాత డాక్టరు, ఆ తరవాత గుడ్డ కింద నుంచి ముసలాయన. నవ్వుతూ నవ్వుతూనే డాక్టరు నేల మీద చతికిలబడింది.

"కన్ను దక్కింది తాతగారూ. మీరు అరవకపోయుంటే నా చేత్తో నేనే పోగొట్టేదాన్ని."

తాళ్ళు వదులు చేసి సరంగు లోపలికొచ్చాడు. ఒళ్ళంతా తడిసి ముద్దయ్యాడు. "ఈ ఒడ్డువాళ్ళకి నీళ్ళ సంగతి ఉగ్గుపాలతోనే అబ్బుతుందమ్మా. మనకేం తెలుస్తుంది?"

"నిజమే," అంటూ డాక్టరు లేచి ముసలాయన మొహం మీది గుడ్డ తొలగించింది. "ఈ ఒడ్డున ఎన్నేళ్ళుగా ఉంటున్నారు తాతగారూ?"

ముసలాయన నవ్వు ఆగింది. రెండో కంటితో కిటికీ వైపు చూశాడు. ఒడ్డున జనం కొట్టుకుపోయిన చెప్పులు, బిందెలు ఏరుకుంటున్నారు.

"ఈ ఒడ్డున కాలు పెట్టింది ఇవాళ పొద్దున్నే తల్లీ," అన్నాడు. "ఇరవయ్యారేళ్ళు ఈ మలుపులో ఆ ఓడలు నడిపినవాణ్ణి. ఒక్కనాడూ వేగం తగ్గించలేదు."