నాలుగు రోజులకు ఆరు నెలలు

టోకెన్ చీటీ చేతిలో పట్టుకుని కూర్చున్న గోపీకి రెండు కళ్ళూ అదురుతున్నాయి. మగవాడికి కుడికన్ను అదిరితే శుభమంటారు గానీ, రెండూ కలిసి అదిరితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

తిరుపతి పాస్‌పోర్టు ఆఫీసులో ఏసీ చల్లగానే ఉంది. అయినా అతని చొక్కా వీపుకు అంటుకుపోయింది.

మొదట్లో సంగతి చిన్నదే. పాల డిపో నడిపే గోపీ, చిన్ననాటి నేస్తం అమర్‌నాథ్, ఇంకో ముగ్గురు మిత్రులు కలిసి వచ్చే నెల బ్యాంకాక్ పోదామనుకున్నారు. నాలుగు రోజుల టూరు. టికెట్లు తీసేశారు. కొత్త చెప్పులు, నల్ల కళ్ళద్దాలు కూడా కొనేశారు. అంతా అయ్యాక ట్రావెల్స్ అతను తీరిగ్గా ఫోన్ చేశాడు.

“అన్నా, నీ పాస్‌పోర్టుకు ఇంక నాలుగు నెలలే గడువుండాది. ఆరు నెలలన్నా లేకుంటే ఆడ దిగనీరు. ఆడ దిగనీరని ఈడ ఎక్కనీరు.”

“నాలుగు రోజులకు ఆరు నెలలెందుకప్పా? ఆడేమన్నా కాపురం పెడతామా?”

“రూలన్నా. బిరీన రెన్యూవల్ చేయించుకో.”

చేయించుకోవడం కష్టం కాదు. ఇంట్లో తెలియకుండా చేయించుకోవడమే కష్టం. పలమనేరులో పాడి రైతుల మీటింగు ఉందని, నాలుగు రోజులు రానని భార్యకు చెప్పి పెట్టాడు గోపీ. పెళ్ళయిన కొత్తలో ఆమెను మలేషియా తీసుకుపోతానన్నాడు. ఏడేళ్ళయినా ఆ మాట మాటగానే ఉంది. ఇప్పుడు మిత్రులతో బ్యాంకాక్ అని తెలిస్తే ఆ ఇంట్లో అతనికి మంచినీళ్ళు కూడా పుట్టవు.

ఇంటి గండం అలా ఉంటే, ఆఫీసులో ఇంకో గండం. మూడో కౌంటర్ మేడమ్. ఆధార్‌లో ఇంటిపేరు ఒక అక్షరం అటూ ఇటూ అయినా కళ్ళజోడు పైనుంచి చూస్తుందట. ఆ చూపు తిన్నవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు.

“ఆమె చేతిలో పడితే నీ పని గోవిందా,” అన్నాడు అమర్‌నాథ్.

“ఆమె సంగతి నాకు చెప్తావా రా? శుక్రవారం ఆమె సెలవు. బాగా కనుక్కునే ఆ రోజు బుక్ చేసినా.”

శుక్రవారమే గోపీ భార్యకు నగరిలో పిన్నమ్మ కూతురి సీమంతం. ఇంట్లో అడ్డు లేదు, ఆఫీసులో అడ్డు లేదు. ఇంతకు మించిన ముహూర్తం ఏ పంచాంగంలోనూ దొరకదనుకున్నాడు. పొద్దున్నే ఆమెను బండి మీద బస్టాండుకు తీసుకుపోయి, కిటికీ పక్క సీటు పట్టి, మల్లెపూలు కొనిచ్చి, బస్సు కదిలేదాకా చెయ్యి ఊపాడు. భర్తకు ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అని ఆమె వింతగా చూసింది.

తెర మీద గోపీ టోకెన్ నంబరు వెలిగింది. పక్కనే కౌంటర్ నంబరు. మూడు.

‘మేడమ్ లేదు గదా, వేరెవరో ఉంటారులే,’ అని ధైర్యంగా లేచాడు. నాలుగడుగులు వేసేసరికి పక్క కౌంటర్ మనిషి గొంతు వినిపించింది.

“ఈరోజు సెలవంటిరే మేడమ్?”

“సగం దారిలో ఉంటే ఫోన్ చేసి పిలిపించినారు. ఇద్దరు రాలేదంట.”

గోపీ వెనక్కి తిరిగి పారిపోదామనుకున్నాడు. ఈలోగా మేడమ్ తల ఎత్తింది. కళ్ళజోడు పైనుంచి చూసింది. చాలాసేపే చూసింది.

“కూర్చోండి సార్. ఏ దేశం?”

“బ్యాంకాక్... అంటే థాయ్‌లాండ్ మేడమ్. టూరు.”

“టూరా!” కీబోర్డు మీద వేళ్ళు ఆగాయి. “నాలుగు రోజులేనా?”

గోపీ తలూపాడు.

“ఫ్యామిలీతోనా?”

“కాదు మేడమ్. ఫ్రెండ్స్.”

ఆమె పాత పాస్‌పోర్టు తీసుకుని ఒక్కో పేజీ తిప్పింది. పెళ్ళికి ముందు కువైట్ పోదామని తీసిన పాస్‌పోర్టు అది. వీసా రాలేదు, గోపీ పోలేదు.

“ఒక్క ముద్ర కూడా పడలేదే. ఇన్నేళ్ళలో ఇంట్లోవాళ్ళను యాడికీ తీసకపోలేదా సార్?”

“డిపో పని మేడమ్. తీరిక లేక...”

“ఇప్పుడు తీరిందా?”

పక్క కుర్చీలో పెద్దాయన కిసుక్కున నవ్వాడు. గోపీకి నిజంగానే సిగ్గేసింది. బ్యాంకాక్ మీద ఉన్న సరదా సగం అక్కడే చచ్చింది.

మేడమ్ తెర వైపు తిరిగింది. “మీకు పెళ్ళి కాలేదని ఉందే ఇందులో?”

అది అమర్‌నాథ్ సలహా. భార్య పేరు ఎక్కడా కనపడకుంటే మేలన్నాడు మహానుభావుడు.

“పాతది చూసి నింపినాం మేడమ్. పొరపాటయింది.”

“ఇట్లాంటివి పొరపాటున రాసేవి కాదు సార్. పెళ్ళయిందా, కాలేదా?”

“అయింది.”

“గట్టిగా చెప్పండి.”

“అయింది మేడమ్! ఏడేళ్ళాయ.”

“అయితే ఆమె పేరు ఎక్కించాల. లేకుంటే ఫైలు ముందుకు పోదు.” కీబోర్డు దగ్గరికి లాక్కుంది. “భార్య పేరు?”

గోపీ గోడ మీద గడియారం చూశాడు, నేల చూశాడు, పక్క పెద్దాయన్ను చూశాడు. ఎక్కడా ఏ సాయమూ దొరకలేదు.

“పేరు సార్. వెనకాల జనం ఉన్నారు.”

“నీ పేరే గదా భవితా,” అన్నాడు గోపీ, పక్కవాళ్ళకు వినపడకుండా.