కొత్త నీళ్ళు

"చుక్క మిగల్చకుండా వదిలేసిందే!" ఖాళీ స్నానపు తొట్టిని చూసి కియొనో నెత్తి కొట్టుకుంది. "ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు దిగాల్సిన వేణ్ణీళ్ళు. అతిథి కదా అని ముందు పంపితే, మహాతల్లి తనతోనే సరిపెట్టింది!"

జపాను పల్లె బతుకు చూడాలని డెన్మార్కు నుంచి వచ్చి వాళ్ళింట దిగిన విద్యార్థిని మారెన్, తడిజుట్టుతోనే వంగి దణ్ణం పెట్టింది. "తప్పయింది బామ్మగారూ. నా తర్వాతవాళ్ళకి కొత్త నీళ్ళుండాలి కదా అని..."

"మేం తొట్టి బయటే ఒళ్ళు రుద్దుకుని దిగుతాం తల్లీ. మీ దేశంలో మురికంతా తొట్టిలోనే కాబోలు!"

కోడలు సయోకో తొట్టి నింపి, కింద కట్టెలు రాజేసింది. నీళ్ళు కాగాక వచ్చి, "అత్తయ్యా, మీరు దిగండి" అంది.

"నాకిప్పటికే ఒళ్ళు మండిపోతోంది. నువ్వే దిగి ఏడువు."

సయోకో నమ్మలేనట్టు చూసి లోపలికి వెళ్ళింది. కాసేపటికి తలుపు వెనకనుంచి, "అమ్మయ్య, ఎంత వేడిగా ఉన్నాయో!" అని వినబడింది.

కియొనో ఆ తలుపు వైపు తిరిగింది. ఈ ఇంట్లో కోడలిది ఎప్పుడూ ఆఖరి వంతే. తన అత్త ఉన్నన్నాళ్ళూ తనూ చల్లారిన నీళ్ళలోనే వణుకుతూ మునిగింది. ఆ చలిని ఎప్పుడు మరిచిపోయింది?

కొడుకు షిగెరు తువ్వాలు భుజాన వేసుకొచ్చి తలుపు బాదాడు. "నాకంటే ముందు దిగావేంటి? త్వరగా రా!"

"కూర్చోరా," అంది కియొనో. "చల్లారాక దిగుదువుగాని."