ఎన్ని గంటలు పట్టింది?

"ఇది చెయ్యడానికి ఎన్ని గంటలు పట్టిందమ్మా?"

ఆదివారం సంతలో మిత్సుయో బల్ల ముందు నిలబడి ముసలాయన మళ్ళీ అదే ప్రశ్న వేశాడు. ఆయన చేతిలో ఎర్రటి కాగితపు పురితో అల్లిన చెవిదుద్దులున్నాయి. పెళ్ళి కానుకల కవర్లకు ముడివేసే పురి అది.

"రెండున్నర గంటలు, తాతగారూ."

"ఏ రోజు చేశావు?"

"బుధవారం."

"ఆ రెండు ముక్కలూ ధర చీటీ వెనకాల రాసి పెట్టు తల్లీ. తీసుకుంటాను."

మిత్సుయో నవ్వాపుకుంటూ రాసింది. ఐదు నెలలుగా ఇదే తంతు. ఆయన పేరు కురిబయాషి. ఆమె చేసిన వాటిలో సగం పైగా ఆయనే కొనేవాడు. ప్రతిదానికీ తేదీ కావాలి, గంటలు కావాలి. ముసలితనపు చాదస్తమనుకుంది.

ఆమె పనిచేసిన కళ్ళద్దాల ఫ్యాక్టరీ వసంతంలో మూతపడింది. ఇప్పుడు వచ్చే నిరుద్యోగ భృతి ఇంటద్దెకే సరిపోతుంది. కూరానారా ఈ ముడుల మీదే గడవాలి. భృతి కోసం నాలుగు వారాలకోసారి ఉపాధి ఆఫీసులో ఓ కాగితం ఇవ్వాలి. అందులో రోజుకో గడి. పని చేసిన రోజున గుర్తు పెట్టాలి. మిత్సుయో సంతకు వెళ్ళిన ఆదివారాలకు మాత్రం బుద్ధిగా గుర్తులు పెట్టింది.

పక్క బల్ల మీద ముల్లంగి ఊరగాయ అమ్మే తొషియె ఇటు వంగింది.

"నీ మీద ఎవరో ఆఫీసుకి రాశారంట. రోజంతా వ్యాపారం చేసుకుంటా భృతి తింటన్నావని. సంతంతా అదే మాట."



కురిబయాషి అంతా విన్నాడు. దుద్దులు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

పదిరోజులకు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది.

"మోసమని తేలితే ఇప్పటిదాకా తీసుకున్నదానికి మూడింతలు కట్టాల్సొస్తుందండీ," అంది గుమాస్తా అమ్మాయి.

మూడింతలు కాదు కదా, ఒక వంతు కట్టాలన్నా ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే.

ఆ అమ్మాయి ఫైలు తెరిచి బల్ల మీద చీటీలు పరిచింది. ఇరవై పైనే ఉంటాయి.

"ఈ రాత మీదేనా? ఈ గంటలు నిజమేనా?"

"నాదే. నిజమే. ఇవి మీకెవరిచ్చారు?"

"అది చెప్పకూడదండీ."

చెప్పనక్కర్లేదు. మిత్సుయోకి ఒళ్ళు మండిపోయింది.

తర్వాతి సంతలో ఆయన మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. మిత్సుయో నలుగురికీ వినపడేట్టే అడిగింది.

"చీటీకి ఎంత ముట్టజెప్పారు తాతగారూ, ఆఫీసువాళ్ళు?"

"అది కాదు తల్లీ..."

"తల్లీ గిల్లీ అనకండి. ఇంటద్దె కట్టుకునే దాని పొట్ట కొట్టి ఏం బావుకుంటారు?"

"పెన్షన్ చాల్లేదేమో పాపం," అంది తొషియె. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ముసలాయన నడుం పూర్తిగా వంచి దణ్ణం పెట్టాడు.

"ముందే చెప్పాల్సింది నీకు. తప్పు నాదే," అని, ఆయాసపడుతూ వెనక్కి తిరిగాడు.

ఆ పూట మిత్సుయోకి కడుపు చల్లబడింది. చల్లబడిందనే అనుకుంది.

మూడు వారాల తర్వాత ఆఫీసు మళ్ళీ పిలిచింది.

"మోసం కాదని తేల్చారండీ," అంది గుమాస్తా. "ఇంట్లో అల్లిన రోజులకి కూడా గుర్తు పెట్టాలని మీకు తెలీదు, అంతే. ఆ గళ్ళు దిద్దివ్వండి. భృతి కాస్త తగ్గుతుంది, ఆగిపోదు."

"మరి ఆ చీటీలు..."

"వాటివల్లే బయటపడ్డారు. మీరు రోజంతా వ్యాపారం చేస్తున్నారని కదా ఫిర్యాదు. రోజుకి నాలుగు గంటలు దాటితేనే ఉద్యోగం కింద లెక్క. ఇంట్లో అల్లింది ఏ రోజూ అంత దాటలేదని మీ చేతిరాతే చెప్పింది. ఫిర్యాదు చేసింది వేరేవాళ్ళు. చీటీలు తెచ్చినాయన, మేం తీసుకునేదాకా మూడు రోజులు ఆ కుర్చీలోంచి కదల్లేదు."

మిత్సుయో ఇంటికి వెళ్ళలేదు. క్షమాపణకు పట్టుకెళ్ళే మిఠాయి పెట్టె కొంది. తోవ అడుగుతూ అడుగుతూ కురిబయాషి ఇల్లు పట్టుకుంది.

తలుపు మీద నల్లంచు కాగితం అంటించి ఉంది. చావు జరిగిన ఇంటికి అంటించే కాగితం.

నల్లబట్టలు కట్టుకున్న పెద్దావిడ బయటికొచ్చింది.

"సంతలో ముడులమ్మే అమ్మాయివి కదూ? నేను ఆయన చెల్లెల్ని. అన్నయ్య పోయి తొమ్మిది రోజులైందమ్మా. జబ్బు ఎప్పట్నుంచో ఉంది. ఆ ఆఫీసుకి కూడా ఆస్పత్రి మంచం దిగే వెళ్ళాడు."

మిత్సుయో మిఠాయి పెట్టె పక్కన పెట్టి గుమ్మంలోనే కూర్చుంది. ఏడుపు ఆగలేదు.

"సంతలో అందరి ముందూ ఆయన్ని నానా మాటలూ అన్నానండీ."

"చెప్పాడు. నీ కోపం న్యాయమేనన్నాడు."

"నేనాయనకి ఏమవుతానని ఇంత చేశారు?"

ఆవిడ పక్కనే కూర్చుంది.

"ఆయన భార్య, మా వదిన కూడా భృతి మీదున్న రోజుల్లో నీలాగే ముడులేసి అమ్మేదమ్మా. ఎవరో పితూరీ చేశారు. కాయితంలో ఒక్క గుర్తూ లేదు, ఎన్ని గంటలు చేసిందో చూపించుకోలేకపోయింది. మోసగత్తె అని ముద్రేశారు. ఊళ్ళో తలెత్తుకోలేక, మనసు విరిగి ఆ చలికాలమే పోయింది."

"ఆవిడ మాత్రం గుర్తులు ఎందుకు పెట్టలేదండీ?"



"ఆ కాయితం వదిన నింపలేదమ్మా," అంది ఆవిడ. "ఇంట్లో కూచుని ముడులేసుకోడం కూడా ఓ పనేనా అని నవ్వి, గళ్ళన్నీ ఖాళీగా వదిలేసి సంతకానికి ఆమె చేతికిచ్చింది మా అన్నయ్యే."